బస్సు వచ్చే వేళకు యువజన కూటం

మా ఇంట్లో కొత్త గోడ గడియారం గంట కొట్టదు, పాట పాడుతుంది. ఆ పాట పూర్తయ్యేసరికి ఎన్ని గంటలైందో తెలుసుకోవాలన్న కోరిక చచ్చిపోతుంది. మనవరాలు ఇచ్చింది కాబట్టి మెచ్చుకుంటూనే ఉన్నాను.

గడియారాల మీద నాకు అనుమానం ఇవాళ్టిది కాదు. చొప్పదండి దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుగా చేరిన కొత్తలో మొదలైంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లే. ఊరి క్రైస్తవుల్లో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత ఎవరినీ సంప్రదించకుండా మా చర్చిలో యువజన కూటం పెట్టాలని తీర్మానించాను.

సంఘపెద్ద ఒప్పుకోలేదు. "పడుచు పోరగాండ్లు, ఆడపిల్లలు ఒక్కకాడ కూసుంటే ప్రార్థనేం జేస్తరు సారూ? ఒకల మొఖం ఒకలు జూస్తరు."

"కండ్లు మూసుకునే గదా చేసేది?"

"మూసిన కండ్లు నేను మస్తు జూసిన."

మా పాస్టరుగారిని అందరం అయ్యగారనేవాళ్లం. నెలకోసారి కరీంనగర్ నుంచి వచ్చేవారు. ఆయన మధ్యస్థంగా తీర్పు చెప్పారు: మూడు ఆదివారాలు నడపాలి, నాలుగో ఆదివారం తనే వచ్చి చూస్తారు, మనుషులుంటే కూటం ఉంటుంది, లేకపోతే లేదు.

చిక్కు వేళ దగ్గర వచ్చింది. ఆదివారమని నాట్లు ఆగవు. పొద్దున్నే ఆరాధన ముగించుకుని అందరూ పొలాల్లోకి దిగేవాళ్లు. సాయంత్రం ఐదింటికి రమ్మంటే ఐదెప్పుడవుతుందని అడిగారు. వాళ్లలో ఎవరికీ గడియారం లేదు, నాకు మాత్రం చేతికి ఒకటుంది. అందుకని, ఐదింటికొచ్చే కరీంనగర్ బస్సు రాగానే కూటం అన్నాను. అది అందరికీ అర్థమైంది. కాళ్లు కడుక్కుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు, బస్సును చూసి చర్చికి నడిచేవాళ్లు. మూడు ఆదివారాలూ బస్సు వచ్చింది, ప్రతిసారీ పద్నాలుగు మంది వచ్చారు. అందులో సంఘపెద్ద సొంత కూతురూ ఉంది. ఆ సంగతి నేను ఆయనకు పదే పదే గుర్తుచేయలేదు.

వారం మధ్యలో ఒకతనికి జ్వరమొస్తే మిగతావాళ్లంతా కలిసి అతని మడి నాటి వచ్చారు. అది నా ఆలోచన కాదు. నా ఆలోచన యౌవనుల శీలం మీద ముప్పావుగంట ఉపన్యాసం. దాన్నీ వాళ్లు ఓర్చుకున్నారు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

నాలుగో ఆదివారం చాపలు పరిచి నేనూ, సాక్ష్యానికి సంఘపెద్దా కూర్చున్నాం. నా గడియారంలో ఐదున్నరైంది, ఆరైంది. అయ్యగారు లేరు, కూటమూ లేదు.

"రాలే గదా సారూ," అన్నాడు సంఘపెద్ద. నిజం చెప్పాలంటే జాలిగానే అన్నాడు. "పరేషాన్ గాకుండ్రి" అని మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాడు.

ఆరుంబావుకు అయ్యగారికి ఉత్తరం రాసి సంఘపెద్ద చేతిలో పెట్టాను. "ఇక్కడి యౌవనులకు అక్కర లేనందున కూటం ఇంతటితో ముగించడమైనది." చదువుకున్నవాడి ఉత్తరం. తప్పుల్లేవు.

అప్పుడు పాట వినిపించింది. పొద్దు గుంకుతుండగా ముందు అయ్యగారు, వెనక పద్నాలుగు మంది. అయ్యగారి సంచి సంఘపెద్ద కూతురి నెత్తి మీద ఉంది. దారిలో టైరు పేలి బస్సు గంటన్నర ఆలస్యమైంది. బస్సు రాలేదు కనుక వాళ్ల లెక్కలో కూటం వేళ ఇంకా కాలేదు. రోడ్డు పక్కన కూర్చుని పాడుకుంటున్నారు. బస్సు దిగిన అయ్యగారు ఆ పాట తనకు స్వాగతమనుకున్నారు.

"గింత మర్యాద నాకు కరీంనగర్ల సుత జెయ్యలే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "మంచిగ నేర్పిండ్రు సారూ. కూటం ఉంటది."

నేను వినయంగా తలవంచుకున్నాను. వంచడానికి వేరే కారణం కూడా ఉంది.

కూటం నిజంగానే ఉంది. నేను బదిలీ మీద ఆసిఫాబాద్ వెళ్లాక, ఉపన్యాసాల బెడద లేక ఇంకా బాగా నడిచిందని విన్నాను. దేవుడికి స్తోత్రం.

ఆ సాయంత్రం మాత్రం సంఘపెద్ద తన నిజాయితీని దాచుకోలేకపోయాడు. "మరి సారు గీ కాయితం రాసిండు గదా," అని ఉత్తరం అందించాడు. ఏది చేతికిచ్చినా పైకి చదవడం అయ్యగారికి అలవాటు. పైకే చదివారు.

సంఘపెద్ద కూతురు నెత్తి మీది సంచి దించి చాప మీద పెట్టింది.

"మేం పద్నాలుగు మందిమి పొద్దుగూకెదాంక రోడ్డు మీదనే కూసున్నం అయ్యగారూ. అక్కెర లేనిది మాకు గాదు, సారుకు."