పక్క కుర్చీలో అక్క

క్యాన్సర్ వార్డులో నర్సుగా పదిహేనేళ్ల నుంచి పనిచేస్తున్నాను. ఎందరో ఆడవాళ్లు నా కళ్లముందే కన్నుమూశారు. దెయ్యాలే ఉంటే అందరికంటే ముందు నాకే కనబడాలి కదా అని కొత్తగా చేరిన నర్సులతో నవ్వుతూ అనేదాన్ని. ఇప్పటికీ నాకేమీ కనబడలేదు. కనబడింది నాకు కాదు.

మాది కర్నూలు పక్కన కల్లూరు. మా ఆసుపత్రిలో కీమో ఎక్కించే గది చిన్నది. ఆరు వాలుకుర్చీలు, ఒక కిటికీ.

రెండేళ్ల కిందట, ఎండాకాలం మధ్యాహ్నం. రాయచోటి నుంచి లక్ష్మీదేవి అనే ఆమె వచ్చింది. రొమ్ము క్యాన్సర్, మొదటి కీమో. మేం ఎర్రమందు అని పిలిచే కీమో మందు పెట్టాను. అది నరంలోంచి బయటికి కారితే కండ కాలిపోతుంది. అందుకే కనిపెట్టుకుని ఉండాలి. కానీ గదికి ఆ చివర ఇంకొకామెకు వాంతులు మొదలైతే అటు వెళ్లాను.

ఐదు నిమిషాలు కూడా అయి ఉండవు. "సిస్టర్! సిస్టర్!" అని లక్ష్మీదేవి కేక. పరుగెత్తి చూస్తే సూది పక్కన చర్మం అప్పుడే ఉబ్బుతోంది. మందు ఆపి, డాక్టరును పిలిచి, చేయాల్సినవన్నీ చేశాం. చెయ్యి దక్కింది.

నా దడ తగ్గాక, "నొప్పికి మెలకువ వచ్చిందా?" అని అడిగాను.

"నేను నిద్రపోతాంటి సిస్టర్. ఈ పక్కనుండే అక్క తట్టి లేపింది. సూదికాడ ఉబ్బుతాండాది, సిస్టర్ పనిలో ఉందని మొగమాటపడొద్దు, గట్టిగా పిలువు అనింది."

పక్క కుర్చీ ఖాళీ. వాల్చే మీట విరిగిందని పది రోజులుగా అందులో ఎవరినీ కూర్చోబెట్టడం లేదు.

"ఏ అక్క?"

"తెల్ల ముసుగేసుకోనుండ్లా, ఆమె. పాపం, ఎడమచేతి మీద శానా పెద్ద మచ్చ. యాడికి పోయిందో మరి."

ఆ మచ్చ నాకు తెలుసు.

అంతకు మూడేళ్ల ముందు కోయిలకుంట్ల నుంచి మహబూబ్ బీ అనే ఆమె వచ్చేది. అదే మందు ఆమె ఎడమచేతి మీద కారి పుండు పడింది. ఆ రోజు డ్యూటీ నాదే. ఎందుకు పిలవలేదని నేను ఏడిస్తే, "నువ్వు పనిలో ఉండావని మొగమాటపడినా బిడ్డా" అంది. ఎవరితోనూ నా మీద చెప్పలేదు. ఏడాదికి జబ్బు ముదిరి చనిపోయింది.

కీమోకు ముందిచ్చే మందుకు మగత వస్తుంది. లక్ష్మీదేవికి కల వచ్చి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె మా ఊరికే కొత్త. ఆ మచ్చ సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు.

మూడు వారాలకు లక్ష్మీదేవి మళ్లీ వచ్చింది. "ఆ అక్కకు నువ్వులుండలు తెచ్చినా. ఈ పొద్దు రాలేదా?" అని అడిగింది. రాలేదన్నాను. నన్నే ఇమ్మని పొట్లం నా చేతిలో పెట్టింది.

పారేయలేకపోయాను. ఆదివారం కోయిలకుంట్ల బస్సెక్కాను. మహబూబ్ బీ కూతురికి ఆ పొట్లమిచ్చి, మచ్చ ఎలా పడిందో ఉన్నదున్నట్టు చెప్పాను.

"గంజి వారుస్తాంటే చేతిమీద పడిందని చెప్పింది మా అమ్మ," అంది ఆమె. లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది.

లక్ష్మీదేవి ఇప్పుడు బాగుంది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఆ అక్క ఎలా ఉందని అడుగుతుంది.