చివరి నాలుగు బొమ్మలు

పదేళ్లుగా ఒక మెప్పు మోస్తున్నాను. విసుగొచ్చింది. దొంగ సొమ్మయితే ఎక్కడైనా పారేయవచ్చు. దొంగ మెప్పును ఎక్కడ పారేయాలి? కలిసినవాళ్లంతా దాని మీద ఇంకాస్త వేసి పోతారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

భివండీలో, నార్పోలి పేటలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాణ్ణి. ఏడో తరగతితో బడి ఆగింది. మిగతా చదువంతా మన తెలుగువాళ్ల సంఘం లైబ్రరీలోనే. అక్కడున్నవి రెండు బీరువాలు. రెండూ చదివేశానని అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

అందులో ఒక పాత పిల్లల కథల పుస్తకం ఉండేది. కథలు మామూలువే. బొమ్మలు మాత్రం! ఆ చిత్రకారుడు రంగు ముట్టకుండా ఉత్త నల్ల గీతలతో వాన కురిపించాడు. తడిసిన కోడి ఒంటికాలి మీద నిలబడితే దాని చిరాకంతా కంట్లో కనిపిస్తుంది. ముసలమ్మ వంగి పొయ్యి ఊదుతుంటుంది, ముఖం కనపడదు, వీపు చూస్తేనే ఆమెకు దగ్గొస్తోందని తెలుస్తుంది. పిల్లలకే కదా అని ఎక్కడా తేలిగ్గా వదిలేయలేదు. ఇదంతా నేను సొంతంగా చూసిందే. ఇంతవరకు నిజం.

రాజక్క మా కార్ఖానాలో బట్ట తనిఖీ చేసేది. సాంచా మీంచి దిగిన తానును బల్ల మీద పరిచి, చేత్తో తడుముతూ తప్పులు పట్టేది. తెగిన పోగుకు ముడి ఎవరు వేశారో కూడా చెప్పేది. చదువు రాదు. ఆదివారాలు లైబ్రరీలో నా దగ్గర అక్షరాలు దిద్దుకునేది. ఒక ఆదివారం పలక పక్కన పెట్టి, ఆ పుస్తకం తిరగేస్తూ ఆగిపోయింది.

"తమ్మీ, ఇవి ఒక్కని చేతి పని గాదు."

"ఏందక్కా, అన్నిటి కింద సంతకం ఒక్కటే ఉన్నది గదా."

"సంతకం నాకేం ఎరుక? గీత సూస్తున్న. ముందుగాల బొమ్మలల్ల గీత పైన లావుగ మొదలై కిందికొచ్చి సన్నగైతది. ఆఖరు నాలుగింట్ల కింద మొదలై పైకి పోయింది. దిన్‌పాళీ వాడు దిగి రాత్‌పాళీ వాడు ఎక్కినట్లున్నది."

బొమ్మలకు కూడా కార్ఖానాలోలా పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు ఉంటాయా అని నవ్వాను. మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి చూశాను. ఆమె చెప్పినట్టే ఉంది.

లైబ్రరీ గోడపత్రికకు ఆ చిత్రకారుడి మీద వ్యాసం రాశాను. చివరి నాలుగు బొమ్మలు వేరే చేతివని రాశాను. చిత్తులో రాజక్క పేరుంది. సాపు చేసేటప్పుడు కొట్టేశాను. అక్షరాలు దిద్దుకునే మనిషి చెప్పిందంటే వ్యాసానికి విలువ తగ్గుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. వ్యాసానికా, నాకా?

కొన్నాళ్లకు సంఘం పెద్దాయన ఆ పుస్తకం మొదటి ముద్రణ ఎక్కడినుంచో తెప్పించాడు. మా ప్రతిలో లేని ముందుమాట అందులో ఉంది. చిత్రకారుడు జబ్బుపడితే చివరి నాలుగు బొమ్మలూ ఆయన శిష్యుడు వేసి, గురువు సంతకమే పెట్టాడట. ఇంకేముంది! వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు.

"గింత సన్నం సంగతి ఎట్ల పట్టినవ్‌ రా?" అని పెద్దాయన మైకులో అడిగాడు.

"చదువంగ చదువంగ తెలుస్తదన్నా" అన్నాను.

ఆడవాళ్ల వరుసలోంచి రాజక్క లేచింది. ముఖం నిండా నవ్వు. "తమ్మీ, గా దిన్‌పాళీ రాత్‌పాళీ ముచ్చట గూడ చెప్పు, అందరు నవ్వుతరు!"

ఆమె వాటా అడగలేదు. సరదాగా మాట అందించింది, అంతే. నేనేమన్నాను? మైకులోనే అన్నాను. "అక్కా, నీకు ఇంక గుణింతాలే రాలె. బొమ్మల ముచ్చట నీకెందుకు? కూసో."

సభంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి కూర్చుంది.

ఆ పై ఆదివారం రాలేదు. మరెప్పుడూ రాలేదు. నెల తర్వాత వరాలా తలావ్ చెరువు దగ్గర ఎదురైతే, ఎందుకు రావడం లేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చింది? "పనులుంటయి తమ్మీ" అని కూరగాయల సంచి చేయి మార్చుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది, తప్పయిందని చెప్పేందుకు సందు దొరికేది. తర్వాత పక్కనే ఉన్న పూర్ణ ఊళ్లో గోదాము పనికి మారిందని విన్నాను. అక్కడ హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తోందో, సంతకం చేస్తోందో తెలియదు. తెలుసుకోవడానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

మొన్న ఒక మాస్టారు వచ్చాడు. ఆ రహస్యం ఎలా కనిపెట్టానో బడి పిల్లలకు చెప్పాలట. ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. రెండు బీరువాలు చదివాను కదా, పక్కమనిషి కళ్లు తీసి నా ముఖానికి పెట్టుకోకూడదని తెలుసుకోవడానికి ఇంకా ఎన్ని బీరువాలు చదవాలి?

ఇది చదివి నన్ను మంచివాణ్ణి అనకండి. ఇది రాజక్కకు చేరదు. చేరినా చదవలేదేమో. అదీ నా పుణ్యమే. అయినా రాస్తున్నాను. ఆ నాలుగు బొమ్మలు వేరే చేతివని కనిపెట్టింది రాజక్క. నేను కాదు. ఈ రెండు ముక్కలకు పదేళ్లు పట్టింది. రాశాక కాస్త తేలికగానే ఉంది. చూడండి, ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.