రెండు డీల చద్దర్

సోలాపూర్‌లోని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి నీలం నగర్ దాకా ద్రౌపది రోజూ సిటీ బస్సులో వచ్చేది. దుప్పట్లు నేసే నర్సప్ప సేట్ చద్దర్ల కార్ఖానాలో బిల్లులు టైపు చేయడానికి చేరి నాలుగేళ్లయింది. తల్లి గోదావరి బీడీలు చుడుతూనే కూతురి కంప్యూటర్ క్లాసు ఫీజు కట్టింది. సాయంత్రాలు ఆ క్లాసులో కూర్చుని ద్రౌపది ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది.

1999లో ఆమె కార్ఖానాకు ఒక వెబ్ పేజీ తయారుచేసింది. ఎక్కడో ఉన్న వ్యాపారి అందులో చద్దరు కొలత, రంగు, సంఖ్య ఎంచుకుంటే, వెనక ఒక ప్రోగ్రాం ఫైలు నడిచి ఆర్డరును సోలాపూర్‌కు పంపాలి. పేజీని, ఫైలును ఫోను లైను మీద ముంబైలోని సర్వర్‌కు పంపింది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకు అక్కడి ప్రదర్శనలో కార్ఖానా ఏజెంటు దాన్ని వ్యాపారులకు చూపించాలి.

ఆ ఉదయం పది గంటలకు ఏజెంటు ఫోను చేశాడు. పేజీ తెరుచుకుంది. ఆర్డరు నొక్కితే మాత్రం ‘ఫైలు దొరకలేదు’ అని వస్తోంది.

“మన కంప్యూటర్ల నడుస్తున్నది, ముంబైల బంద్ ఉన్నది. గిదేం తమాషనే?” అన్నాడు సేట్.

“ఫైలు దొరుకుతలేదంటున్నది సేట్.”

“పంపినవా, బస్సుల మర్చిపోయినవా?”

“పంపిన. చూడుండ్రి, ముంబై లిస్టుల కనబడుతున్నది.”

“కనబడేది దొరకదా? పన్నెండు దాకా చూస్త. తర్వాత పుణె కంపెనీవాళ్లకే ఇస్త ఈ పని. నువ్వు మళ్ల బిల్లులు కొట్టుకో.”

ద్రౌపది ఫైలును మళ్లీ పంపింది. అదే మాట వచ్చింది. సర్వర్ బాగానే ఉందని ముంబై కంపెనీ చెప్పింది. పేజీలో ఫైలు పేరున్న వరుసను పదిసార్లు చదివింది. తప్పు కనిపించలేదు.

నమూనా కాగితం కోసం వచ్చిన లక్ష్మణ్ కాకా ఆమె వెనక నిలబడ్డాడు. పువ్వుల నమూనాలు నేసే జకార్డు మగ్గాలకు ముప్పై ఏళ్లుగా చిల్లుల అట్టలు కొడుతున్న మనిషి. అట్టలో ఒక్క చిల్లు తప్పినా చద్దరు మీద పువ్వు చెడుతుంది. అందుకే అట్టను కొట్టినవాడు ఒంటరిగా సరిచూసుకోకూడదు. ఒకరు కాగితం చూసి ‘చిల్లు, ఖాళీ’ అని పలకాలి, ఇంకొకరు అట్ట మీద వేలు పెట్టాలి.

“కండ్లతోని చూడకు బిడ్డా. కండ్లు అలవాటైనదే చూస్తయి. ఇటియ్యి, నేను పలుకుత.”

పేజీ అచ్చు తీసి, ఫైలు పేరున్న వరుస చూపించి ఆయన చేతికిచ్చింది. తాను తెర మీది ముంబై లిస్టులో ఫైలు పేరు మీద వేలు పెట్టింది.

“సి.”

“ఉన్నది.”

“హెచ్. ఏ. డి.”

“ఉన్నది.”

“ఏ.”

ద్రౌపది వేలు ఇంకో ‘డి’ మీద ఉంది. “ఆగు కాకా. మళ్ల చెప్పు.”

“ఏ అన్న గద. చెవుడా?”

ఆఫీసులో ‘చాదర్’ అన్న మరాఠీ బోర్డు ఎదుట కూర్చుని పేజీ రాసినప్పుడు ఆమె ఒకే ‘డి’తో అలాగే రాసింది. క్లాసులో ప్రోగ్రాం దిద్దినప్పుడు ఇంట్లో పలికినట్టు రెండు ‘డి’లతో ‘చద్దర్’ అని పేరు పెట్టింది. ‘చాదర్’ పేరుతో పాత ఫైలొకటి ఆఫీసు కంప్యూటర్‌లో మిగిలిపోయింది. ఇక్కడ పేజీని నడిపించింది అది. ముంబైకి వెళ్లింది కొత్తదొక్కటే.

ఆమె వెంటనే దిద్దలేదు. ముందు ఆ పాత ఫైలు తీసేసింది. అదే తప్పు ఆఫీసులోనూ వచ్చింది. అప్పుడు పేజీలో ఇంకో ‘డి’ చేర్చి, ఇక్కడ నడిపి చూసి, ముంబైకి పంపింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా ప్రింటర్ కదిలింది. ముంబైలో ఏజెంటు నొక్కిన ఆర్డరు: డబుల్ బెడ్ చద్దర్లు, మెరూన్ రంగు, అరవై.

సేట్ కాగితం చింపుకుని రెండుసార్లు చదివాడు. “తప్పెవరిది?”

“నాదే సేట్. రెండు పేర్లూ నేనే వెట్టిన.”

ఆయన ఫోనెత్తి, పుణె నంబరు తిప్పాడు. “రావద్దు. మా తాన మనిషి ఉన్నది,” అని పెట్టేశాడు.

“పలికినోనికి చాయ్ లేదా సేట్?” అన్నాడు లక్ష్మణ్.

ద్రౌపది అప్పటికే తాను కొత్తగా రాస్తున్న తువ్వాళ్ల పేజీ అచ్చు తీసి ఆయన ముందు పెట్టింది.

“చాయ్ వస్తది. పలుకు కాకా.”