దర్వాజ తెమ్మన్నది నేనే

ముంపు ఊళ్లవాళ్లకు కట్టిచ్చిన కాలనీలో పక్కింటివాళ్లు గడ్డపారతో గోడ పగలగొడుతున్న రోజు నాకు ఏదో తేడా అనిపించింది. చేతిలో బియ్యం చేట పడేసి, చెప్పుల్లేకుండా రోడ్డు దాకా పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో నాకే అర్థం కాలేదు.

మా ఊరు రిజర్వాయర్‌లో మునిగింది. ఖాళీ చేసేటప్పుడు అందరూ పాత ఇళ్ల దర్వాజలు ద్వారబంధాలతో సహా పీకి కొత్తింటికి తెచ్చుకున్నారు. పూజ చేసి నిలబెట్టిన దర్వాజను నీళ్లకు వదలబుద్ధి కాదు కదా. మా మామ మాది పీకుతుంటే వానకు నానిన మట్టిగోడ ఆయన మీద పడింది. దవాఖానకు చేరేలోపే పోయాడు.

ఆ పరుగు తర్వాత గుండెదడ, చేతుల వణుకు పట్టుకున్నాయి. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. నాగర్‌కర్నూల్‌లో సైకియాట్రీ డాక్టరమ్మ, "ఇది పీటీఎస్‌డీ, పెద్ద ప్రమాదం చూసినంక మనసుల మిగిలిపోయే భయం. గోలీలు ఒక్కటే సాలయ్, థెరపీకి రావాలె" అంది.

"పిచ్చోళ్ల డాక్టర్ దగ్గరికా? నలుగురికి తెలిస్తే ఏమంటరు?" అన్నాడు నా భర్త. అయినా వెళ్లాను.

థెరపీ అంటే కళ్లు మూసుకుని ఆ రోజును మొదటి నుంచి చెప్పడం. నేను గడగడా చెప్పేసేదాన్ని. నాలుగుసార్లు చెప్పినా దడ తగ్గలేదు. విసుగొచ్చి రెండు నెలలు మానేశాను. వణుకు ఎక్కువైంది. సిగ్గుపడుతూ మళ్లీ వెళ్లాను.

"గోడ పడకముందు ఏమైందమ్మా? ఎప్పుడూ గోడ పడ్డకాడి నుంచే మొదలుపెడుతున్నవ్" అంది డాక్టరమ్మ.

ఏడుస్తూనే దాచిన మాట చెప్పాను. "గోడ నానింది, వద్దు బిడ్డా" అన్నాడు మామ. "అందరి దర్వాజలు వచ్చినయ్, మనదొక్కటే మునగాల్నా?" అన్నది నేను. కోడలి మాట కాదనలేక వెళ్లాడు.

"మీ అత్తకు చెప్పినవా?" అని అడిగింది డాక్టరమ్మ. లేదు. ఏడాదిగా ఆమె కన్నీళ్లు తుడుస్తూ, ఏమీ తెలియనట్టు ఆమె పక్కనే కూర్చున్నాను.

ఆ వారమే చెప్పాను. అత్త పప్పులో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకెరుకనే. ఆ దినం నేను మీ ఎనుకనే ఉంటి గద. నువ్వే చెప్తవని ఇన్ని దినాలు చూసిన."

రెండు దెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది.

ఇప్పుడు గోలీలు తగ్గించారు. గడ్డపార చప్పుడుకు దడ వస్తుంది కానీ పరిగెత్తను. అత్త నాతో అవసరానికే మాట్లాడుతుంది. నా తప్పు థెరపీతో పోలేదు, పోతుందని డాక్టరమ్మ చెప్పనూ లేదు. మీకు చెప్పేది ఒక్కటే: డాక్టరు దగ్గర ఏ మాట దాచాలనిపిస్తుందో ఆ మాటే ముందు చెప్పండి. నేను దాచిన ఏడాదంతా దాన్ని మా అత్త ఒక్కతే మోసింది.