నడుముకి కట్టుకుని చూడని మిషన్

మొన్న గురువారం న్యూ టౌన్‌లో ఇరవై మంది పిల్లలు తలలెత్తి నన్ను చూసి చప్పట్లు కొట్టారండి. ఏదో ఘనకార్యం చేశాననుకునేరు! చెట్టు మీద ఒక మిషన్‌కి కట్టేసి ఉండిపోయి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక గంటసేపు నిలబడినందుకు. పోనీ, కట్టేసిందెవరు? నేనే! మొదట్నించీ చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మాది ఏక్‌బాల్‌పూర్, ఈ బెంగాలీ మహానగరంలో ఓడరేవు పక్క పేట. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడల డాకుల్లో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అమ్మ తమ్ముడు దావీదు మావయ్యతో చెట్ల పనికి పోతాను. గాలివానకి విరిగినవి, బాల్కనీల్లోకి దూరినవి, కార్ల మీద వాలినవి, అలాంటి కొమ్మలన్నీ కొట్టడం మా పని. అందరికన్నా పైన మావయ్య, ఆయనకి కొంచెం కింద నేను, నేల మీద తాడు పట్టుకుని బిష్టూదా. ఇరవయ్యేళ్లుగా పైవాడంటే మావయ్యే. పైవాడు చెప్పిందే మాట. ఏ కొమ్మ ముందు, ఏది తర్వాత, ఎటు పడాలి, అన్నీ ఆయనవే.

ఈ ఏడు మావయ్య ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి లేవడం లేదు. ఒకరోజు అన్నాడు, "సామేలూ, ఇంక పైన నువ్వే. కానీ ఒక మాట. చేతిరంపంతో ఎన్నాళ్లని కోస్తాం? చెయిన్ సా మిషన్ ఒకటి కొందాం. రెండు కొనలేం, ఒక్కటే. పైనా అదే, కిందా అదే. ఎంచుకునేది నువ్వు. సరైంది తెచ్చావా, నువ్వు పైవాడివి. తేలేదా, ఇంకో ఏడు నా కిందే."

ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు. పైవాడు! ఎండలో పసుప్పచ్చటి పూల మధ్య నేను. నా నడుముకి మెరుస్తున్న మిషన్. కింద నిలబడి తలెత్తి చూస్తున్న...

సరే, చెప్పేస్తాను. రూతు. మా చర్చిలో పాటలు పాడుతుంది. మేం పని ఒప్పుకున్న ఆ న్యూ టౌన్ హౌసింగ్‌లోనే చిన్నపిల్లల క్రెష్‌లో పని చేస్తుంది. ఊళ్లో కనిపించిన ప్రతి మగవాణ్ణీ 'దాదా' అంటుంది, అంటే అన్నయ్యా అని. నన్ను మాత్రం ఇంతవరకూ అనలేదు. నా ఆశంతా ఆ ఒక్క మాట లేకపోవడం మీదే నిలబడి ఉంది.

చాందినీ బజారు వెనక గల్లీలో మిషన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణం దాదా మంచివాడు. "చెట్టెక్కి కోస్తావా, నేల మీద కోస్తావా?" అని బెంగాలీలో అడిగాడు. "రెండూ," అన్నాను. ఆయన ఒక చిన్న మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. బ్లేడు మూరెడు కూడా లేదు. వెనక తాడు తగిలించుకోడానికి రింగు ఉంది. "అన్ని పనులకీ ఇదే బాబూ. తేలిక. కొమ్మకీ సరిపోతుంది, ఓపిగ్గా కోస్తే మొద్దుకీ సరిపోతుంది," అన్నాడు.

నాకు నచ్చలేదండి. బొమ్మలాగుంది! అదే సమయంలో గోడ మీద ఉన్న పెద్దది కనబడింది. నారింజ రంగు. బ్లేడు నా చెయ్యంత. దాన్ని దింపించి, రెండు చేతుల్తో పట్టుకుని, దుకాణం అద్దాల తలుపులో నన్ను నేను చూసుకున్నాను. అబ్బ! ఎవరో వేరే మనిషి! మొబైల్ వీడియోల్లో, మంచుకొండల్లో పెద్ద పెద్ద చెట్లెక్కే తెల్లవాళ్లుంటారే, వాళ్ల తమ్ముడిలాగున్నాను.

"ఇది నేల మీద పనికి," అన్నాడు దాదా.

"స్టార్ట్ చేసి చూడొచ్చా?"

నేల మీద పెట్టి, వెనక పిడిలో బూటు దూర్చి తొక్కిపట్టి, స్టార్టరు తాడు లాగాను. రెండో లాగుకే ఘుర్ర్‌మంది! గల్లీలో జనం ఆగి చూశారు. ఇంకేం కావాలి? ఆ బూటు సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇంటికి తెచ్చాక మావయ్య దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. కనుబొమ్మలు లేచాయి గానీ, "నువ్వు ఎంచావు, బాగుంది," అన్నాడు. "కానీ పద్ధతి తెలుసు కదా? నడుముకి కట్టుకో."

మావయ్యకి ఒక ఆచారం ఉంది. కొత్త తాడు గానీ కొత్త రంపం గానీ, పైకి తీసుకెళ్లే ఏ వస్తువైనా సరే, ముందు ఒక రోజంతా నడుముకి కట్టుకుని తిరగాలి. పొద్దున్న లేచిన దగ్గర్నించి సాయంత్రం దాకా, అన్నం తిన్నా, బజారుకెళ్లినా, మెట్లెక్కినా, అది వేలాడుతూనే ఉండాలి. "సాయంత్రానికి అదున్నట్టు మర్చిపోయావా, అది నీది. మర్చిపోలేదా, నువ్వు దానివి," అంటాడు.

కట్టుకుని వీధిలోకి దిగాను. పది అడుగులకి మోకాలికి కొట్టింది. ఇరవై అడుగులకి పాంటు జారింది. మూల టీకొట్టు దగ్గరున్న కుర్రకారు, "ఏం భాయ్, యుద్ధానికా?" అని హిందీలో అరిచారు. ఆ దారంట రూతు వస్తే? వెనక్కి తిరిగి వచ్చేసి, విప్పి, కుర్చీలో కూచోబెట్టి, గుడ్డతో తుడుస్తూ సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను.

"అన్నం దానిక్కూడా పెట్టమంటావేట్రా?" అంది అమ్మ.

సాయంత్రం మావయ్య వచ్చి అడిగాడు, "కట్టుకున్నావేట్రా రోజంతా?"

"కట్టుకున్నాను మావయ్యా."

"మర్చిపోయావా?"

"పూర్తిగా!"

చూశారా, అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో.

గురువారం పొద్దున్న న్యూ టౌన్. మొన్నటి కాలబైశాఖీ గాలివానకి ఒక రాధాచూడా చెట్టు పెద్ద కొమ్మ చీలి కార్ల పార్కింగ్ మీదకి వాలింది. చెట్టు నిండా పసుపు పూలు. ఎదురుగా క్రెష్ గేటు. ఇలాంటి రోజు కోసమే కదా నేను పుట్టింది!

మావయ్య చేతిరంపం అందించాడు. "ఇదీ తీసుకెళ్లు."

"ఎందుకు మావయ్యా ఇంకా పాతకాలంది?"

"సామాన్లు లాగే తాడో?"

"నా నడుముకే ఉంది కదా మిషన్. ఇంకేం లాగాలి?"

మావయ్య దగ్గరికొచ్చి నన్ను పట్టే తాడూ బెల్టూ మాత్రం రెండుసార్లు లాగి చూశాడు. ఎక్కాను. ఏడు కేజీల ఇనుము బెల్టు వెనక వేలాడుతుంటే ఎక్కడం ఎలా ఉంటుందంటే, వెనక నుంచి ఎవరో మొండిపిల్లాడు చొక్కా పట్టుకుని 'నేను రాను, నేను రాను' అని గింజుకుంటున్నట్టు. ప్రతి అడుగుకీ ఒక దెబ్బ. అయినా ఎక్కాను. రెండో అంతస్తు బాల్కనీ ఎత్తుకి చేరాను. కింద క్రెష్ గేటు తెరుచుకుంది. పిల్లలు వరసగా బయటికొచ్చారు. వాళ్ల వెనక రూతు, తెల్లటి దుపట్టా. తలెత్తి చూసింది!

ఇంక స్టార్ట్ చెయ్యాలి. బూటు పెట్టాలి.

ఎక్కడ పెడతాను బూటు?

అప్పుడు తెలిసిందండి. చెట్టు మీద నేల ఉండదు! ఇన్నేళ్లు చెట్లెక్కాను, ఈ సంగతి నాకు తట్టనేలేదు. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో స్టార్టరు తాడు లాగాను. మిషన్ గాల్లో తిరిగి వచ్చి నా మోకాలికే తగిలింది. మళ్లీ లాగాను. ఇంకో మోకాలు. కింద రూతు చూస్తోంది. "ఇదుగో, ఇప్పుడే!" అన్నట్టు ఒక నవ్వు నవ్వాను.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పక్కనే రెండు కొమ్మల మధ్య పంగ ఉంది. మిషన్ ఒంటిని అందులో దిగ్గొట్టి, కదలకుండా పట్టి, తాడు లాగొచ్చు! దిగ్గొట్టాను. బలంగా లాగాను. స్టార్ట్ అవలేదు. ఇంకా బలంగా లాగాను. కాలు జారింది. మిషన్‌ని బెల్టుకి కట్టిన తాడు మీద నా బరువంతా పడింది, మిషన్ జర్రుమని పంగలోకి దిగి బిగుసుకుపోయింది. మళ్లీ కొమ్మ మీద కాళ్లు ఆన్చుకుని లేద్దును కదా, మిషన్ రాదు. ముడి విప్పుదును కదా, అది నా వెనక, నడుము మధ్యలో, ఇనుములాగ బిగిసిపోయింది. బెల్టు విప్పితే మిషన్‌తో విడిపోతాను, నిజమే. చెట్టుతో కూడా విడిపోతాను!

"ఏటయ్యిందిరా?" కింద నుంచి మావయ్య.

"ఏం లేదు మావయ్యా. ఒక్క నిమిషం!"

ఆ నిమిషం అలాగే సాగింది. చివరికి ఒక పిల్లాడు గట్టిగా ప్రకటించాడు, "కాకు ఆట్కే గెఛే!" అంటే బాబాయి ఇరుక్కుపోయాడని. పిల్లలంతా చప్పట్లు! వాళ్లకి సర్కస్ అనిపించింది కాబోలు.

పక్క బాల్కనీలోకి ఒక ముసలావిడ వచ్చింది. నా మొహం, ఆవిడ మొహం ఒకే ఎత్తులో. "ఆహా రే, బాబా! ఎప్పట్నించి ఇలాగ నిలబడ్డావు?" అని జాలిపడి, లోపలికెళ్లి, తుడుపు కర్ర చివర ప్లాస్టిక్ సంచీ కట్టి రెండు బిస్కెట్లు పంపింది. తిన్నానండి. ఏం చెయ్యను, ఆవిడ చూస్తోంది. తర్వాత అదే కర్రకి కూరగాయల కత్తి కట్టి పంపబోయింది.

"వద్దు!" కింద నుంచి మావయ్య కేక. ఆయన గొంతు అంత భయంగా నేనెప్పుడూ వినలేదు. "కత్తి ముట్టుకోకు సామేలూ! నీ ఎనక రెండు తాళ్లున్నాయి. ఏది కోస్తన్నావో నీకు కనబడదు. కదలకు. నానొస్తన్నాను."

"మావయ్యా, నీ భుజం..."

"నోర్ముయ్యి."

ఎక్కాడు. కుడిచేత్తో ఎక్కుతూ, ఎడమచెయ్యి మోచేతి దాకే వాడుకుంటూ, పళ్లు బిగపట్టి. బిష్టూదా కింద తాడు బిగిస్తూ నిలబడ్డాడు. నాకు పూలూ కనపడలేదు, రూతూ కనపడలేదు. మావయ్య నుదుటి మీద చెమటే కనపడింది.

నా పక్కకొచ్చి, వెనక ఉన్న తాళ్లు రెండూ వేలితో తడిమి, మిషన్ తాడుని తన కత్తితో ఒక్క కోత కోశాడు. తర్వాత చేతిరంపం తీసి పంగలో ఒక కొమ్మ కొయ్యడం మొదలుపెట్టాడు. కింద రూతుకి ఏం తోచిందో, పిల్లల చేత రంపం కోతలు లెక్కపెట్టించింది. "ఏక్! దుయ్! తీన్!" వాళ్లకి ఇరవై దాకే వచ్చు. ఇరవై అవగానే మళ్లీ ఏక్. అలాగ నాలుగు ఇరవైలు. కొమ్మ విరిగింది, మిషన్ ఊడింది. బిష్టూదా దాన్ని తాడుతో దించుకున్నాడు, పెళ్లికూతుర్ని దించినంత మెల్లగా.

"రంపం ఇలాగియ్యి మావయ్యా," అన్నాను. "నువ్వు దిగిపో."

నా మొహంలోకి ఒకసారి చూసి ఇచ్చాడు. సాయంత్రం దాకా ఆ చెట్టు పనంతా చేతిరంపంతో నేనే చేశాను. ఏ కొమ్మ ముందో ఒకటికి రెండుసార్లు కిందకి అడిగి మరీ కోశాను. అరచేతులు పొక్కిపోయాయి.

దిగాక మావయ్య పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆ రోజు నడుముకి కట్టుకోలేదు మావయ్యా. పది అడుగులే."

"తెలుసు."

"ఎలాగ?"

"రోజంతా కట్టుకుంటే నీ మోకాళ్లు బుధవారమే కుంటేవి. ఇయ్యాల కొత్తగా కుంటుతున్నాయి." భుజం నిమురుకున్నాడు. "నీకు మిషన్ ఎంచడం రాదని కాదురా నా బాధ. ఆ మూడో లాగుకి 'మావయ్యా, నావల్ల కాలేదు' అని ఒక్క కేకెయ్యలేకపోయావు చూడు. పైవాడికి ముందు ఆ కేక రావాల."

శుక్రవారం ఇద్దరం దుకాణానికి వెళ్లాం. దాదా మిషన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెయిన్‌కి రవ్వంత రంపపుపొట్టు కూడా అంటలేదు. ఎలా అంటుతుంది, అది ఏదైనా కోస్తే కదా! నవ్వుతూనే మార్చిచ్చాడు. అదే, ఆ బొమ్మలాంటి చిన్నది.

"ఆదివారం కట్టుకో," అన్నాడు మావయ్య. "రోజంతా."

"ఆదివారమా? చర్చి ఉంది కదా!"

"దేవుడికి అభ్యంతరం ఉంటే ఆయనే చెప్తాడు."

కట్టుకున్నాను. పెట్రోలు లేదు, చెయిన్‌కి తొడుగు ఉంది, మీద తెల్ల చొక్కా. పాస్టరు అయ్యగారు గుమ్మంలో ఆపి, "ఏటి సామేలూ ఇది?" అన్నారు. "పరీక్షండి," అన్నాను. ఆఖరి బెంచీ చూపించారు. మొదటి పాట దాకా అందరూ నావైపే చూశారు. రెండో పాటకి మానేశారు. ప్రసంగంలో సగానికి నేనూ మానేశాను.

చర్చి అయ్యాక రూతు బస్టాపుకి నడుస్తుంటే, నడవనా అని అడిగి పక్కనే నడిచాను. గురువారం సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చేసింది. గుండెలో ఉన్నదంతా చెప్పేశాను. పసుపు పూల గురించి, ఆమె పాట గురించి, ఈ ఊళ్లో మనలాంటి వాళ్లం ఒకరికొకరు తోడుండాలని, చాలా. ఆమె కిందకి చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. సిగ్గు! నా కళ్లు చెమ్మగిల్లాయి. ఇంకా గట్టిగా చెప్పాను.

ఆఖరికి ఆగి, నవ్వు ఆపుకోలేక మొహానికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

"అన్నీ బానే ఉన్నాయి గానీ సామేలూ, ఇందాకట్నించి నీ మిషన్ నా మోకాలికి కొడతా ఉంది. అది విప్పేసి, వచ్చే ఆదివారం మళ్లీ మొదట్నించి చెప్పు."

దాదా అనలేదండి! గమనించారా? అనలేదు!

పరుగున ఇంటికొచ్చి మావయ్యకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన భుజం పట్టుకుని మరీ నవ్వాడు.

"ఆ పిల్ల ఎదురుగా నిలబడి కూడా అదున్నట్టు మర్చిపోయావా? అయితే ఇంకేటి, అదే మన మిషన్. సోమవారం నుంచి పైన నువ్వే."

అలా నేను పైవాణ్ణయ్యానండి. నా మోకాళ్లు ఇంకా కుంటుతున్నాయి, ఇప్పుడు రూతు మోకాలు కూడా.