ఫౌంటెన్‌కు అడ్డం

నిజామాబాద్‌లో పాత పార్కుకు ఫోటోల పండుగ చేస్తున్నామని ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. ఇళ్లలో ఉన్న పార్కు ఫోటోలు తెచ్చిస్తే, పెద్దవి చేసి అక్కడే పెడతారట. ఆ మాట విన్నప్పటి నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పనివాడు. చెరకు ఆడటం ముగిసి ఫ్యాక్టరీ ఆగగానే, పనివాళ్లంతా ఇంటివాళ్లను వెంటబెట్టుకుని బస్సెక్కి ఈ పార్కుకు వచ్చేవాళ్లు. ఫౌంటెన్ ముందు ఫోటో దిగితేనే ఆ ఏడు పని అయిపోయినట్టు. అవ్వ, బాపు కలిసి ఉన్న ఫోటో మాకు అదొక్కటే. బాపు పోయాక అది అవ్వ దిండు పక్కకు చేరింది.

స్టూడియోలో పెద్దది చేయిస్తానంటే ఒప్పుకోలేదు. "ఆయన నిలవడ్డ జాగలనే సూడాలె బిడ్డా, నలుగురి నడుమ. గింత ఫోటోల ఆయన మొఖం నా కండ్లకు ఆనుతలేదు" అంది.

ఫోటో పార్కుకు తీసుకెళ్లాను. వరుసలో అందరి చేతుల్లోనూ అలాంటివే. షేర్వానీలో కొత్త పెళ్లికొడుకు, ఈద్ బట్టల్లో అక్కాచెల్లెళ్లు, చంకలో బిడ్డతో ఒక తల్లి. పార్కు ఫోటో అంటే మావాళ్లకు పార్కులో తాము దిగిన ఫోటోనే. మనిషి లేకుండా చెట్లనూ నీళ్లనూ ఉత్తగా తీయించుకునే సోకు మాకెక్కడిది? బల్ల దగ్గర కూర్చున్నాయన ఒక్కొక్కటీ కాపీ తీసుకుని తిరిగిస్తూ, "అన్నిట్ల మనుషులే ఉన్నరు" అని విసుక్కున్నాడు.

పండుగనాడు అవ్వ పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. తలుపంత ఫోటో ముందు నిలబెట్టాను. ఫౌంటెన్ తళతళలాడుతోంది. అవ్వ లేదు. బాపు లేడు. కంప్యూటర్‌లో ఇద్దరినీ చెరిపేసి, వాళ్లున్న చోట నీళ్లు పోశారు. నేల మీద పడ్డ నీడలు మాత్రం మరిచిపోయారు. పక్క ఫోటోల్లోనూ అంతే, పెళ్లికొడుకు లేడు, తల్లీబిడ్డా లేరు. పైన పెద్ద అక్షరాలతో 'మన పార్కు, మన చరిత్ర' అని రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ బల్లాయన కనిపిస్తే నిలదీశాను. "మావోళ్లేరి?"

"పార్కు మంచిగ కనవడాలె గద అక్కా. అడ్డమున్నరని తీసేసినం" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. తప్పు చేసినట్టు అతనికి అనిపిస్తేగా.

తిరిగి వచ్చేసరికి అవ్వ ఫోటోకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి ఇంకా వెతుకుతోంది. చివరికి ఆమె వేలు పొడుగాటి నీడ మీద ఆగింది. వెనక సెల్‌ఫోన్ పట్టుకున్న ఒకామె, "అమ్మా, జర జరుగుండ్రి. ఫౌంటెన్‌కు అడ్డం అయితుండ్రు" అంది.

అవ్వకు కోపం రాలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దినం ఫోటో తీసెటాయన గూడ గిట్లనే అన్నడు. నేను జరగవోతే మీ బాపు చెయ్యి వట్టి ఆపిండు. ఫౌంటెన్ కనవడకున్నా మంచిదే, ఈమె కనవడాలె అన్నడు."

అంటూనే పక్కకు జరిగింది.