ప్రార్థన చేయని తిండి

మా ఆయన క్రేన్ నడుపుతాడు. మా ఊరు కూరెకుప్పలో మిద్దెల మీది నుంచి చూస్తే ఉక్కు ఫ్యాక్టరీ యార్డులో అన్నిటికంటే ఎత్తుగా కనిపిస్తుందే, అదే. ఆ నిచ్చెన ఎక్కి పైనున్న గాజు గదిలో కూర్చున్నాడంటే ఆయన దొర, కింద తిరిగేవాళ్లంతా ఆయనకు లోకువ. అలాంటి మనిషిని ఫ్యాక్టరీ డాక్టరు ఒకరోజు పక్కకు పిలిచి, షుగరు విపరీతంగా ఉంది, చూపు కూడా మసకబారింది, ఇక పైకి ఎక్కొద్దన్నాడు. ఆరు నెలలు స్టోర్లో కూర్చుని మందులు వాడమన్నాడు. అప్పటికీ తగ్గకపోతే క్రేన్ సంగతి మరిచిపొమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా గడప మీద కూలబడ్డాడు.

"బోల్టులు ఎంచేదానికా మే నేను పుట్టింది?"

ఆ ముఖం చూస్తే నాకు నవ్వాగలేదు. లోపల మాత్రం భయమే. మా పెద్దమ్మ కాలు ఈ షుగరుకే పోయింది. ఈ మనిషికేమన్నా అయితే నేను పోట్లాడుకోవడానికి ఎవరున్నారు?

నాకు భయమేస్తే కోపం వస్తుంది, కోపమొస్తే పని బాగా జరుగుతుంది. బళ్లారిలో ఒక డాక్టరమ్మకు చూపించాం. మాత్రలు రాసింది, నడవమంది, అన్నం తగ్గించమంది, నెలనెలా రమ్మంది. మరుసటి రోజే చక్కెర డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కొర్రన్నం, జొన్నరొట్టె. రాత్రికి అసలు అన్నమే లేదు. సాయంత్రాలు ఆయన మైదానం చుట్టూ, ఎవరో తరుముతున్నట్టు ముఖం పెట్టుకుని నడిచేవాడు. చర్చిలో పెళ్లి జరిగితే లడ్డూలు పంచేచోట నేను పోలీసులా నిలబడేదాన్ని.

నెల తిరిగాక పరీక్ష చేస్తే షుగరు ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. డాక్టరమ్మ తల గోక్కుని ఇంకో మాత్ర కలిపింది. తిరుగు బస్సులో తోరణగల్లు వచ్చేదాకా ఆయన్ని దులిపేశాను.

"దొంగతనంగా ఏం తింటాండావు, చెప్పు!"

"దేవుని తోడు మే, ఏం తిన్లేదు."

ఒట్టు పెట్టకూడదని బైబిలు వాక్యంలో ఉంది. మా ఆయన తాతల కాలం నుంచి మిషన్ సంఘంలో పెరిగినవాడు. అంతటివాడు ఒట్టేశాడంటే నిజమే అయి ఉంటుందని నోరు మూసుకున్నాను.

మరుసటి నెల మళ్లీ వెళ్లాం. ఈసారి పరగడుపున రక్తం తీస్తామన్నారని మొదటి బస్సుకే బయల్దేరాం. ల్యాబులో ఉన్న అమ్మాయి సూది తీస్తూ, ఏమన్నా తిన్నాడేమోనని అడిగింది.

"ఊట ఏమన్నా అయ్యిందా అప్పా?"

"లేదమ్మా. ఉత్త కడుపే."

"రాత్రి తిన్నదే," అని నేనూ సాక్ష్యం చెప్పాను.

ఆ అమ్మాయి సూది పక్కన పెట్టి ఆయన మీసం వైపే చూసింది. నేనూ చూశాను. మీసంలో పసుపుపచ్చగా ఒక బొరుగు గింజ, పండక్కి ముస్తాబైనట్టు కూర్చుని ఉంది.

"మరి అదేందప్పా?"

ఆయన దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదా? ఇది సుమ్నె, ఊరికే తినే ఉగ్గాని. బస్టాండులో బస్సు లేటయింటే తిన్యాం."

ఆ జవాబులో నాకు ఏ తప్పూ కనపడలేదు. అదే విచిత్రం. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, తిరగమోత వేసి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. మా ప్రాంతంలో దాన్ని తినడం అంటే గాలి పీల్చుకోవడమే. ఇంటికి ఎవరొచ్చినా "వంటయ్యేలోపల కొంచెం ఉగ్గాని" అంటాం.

ల్యాబు అమ్మాయి నవ్వాపుకుంటూ మమ్మల్ని డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. అప్పుడు మొత్తం బయటపడింది. ఆయన రోజూ డ్యూటీకి పోయే ముందు బస్టాపులో తోటివాళ్లతో ఒక ప్లేటు, పైన మిరపకాయ బజ్జీ. రాత్రి అన్నం మాన్పించి నేను పెడుతున్నదీ ఉగ్గానే, గిన్నె నిండా.

"బొరుగులంటే గాలే కదా మేడం," అన్నాను.

"బొరుగులు యాడనించి వస్తాయమ్మా?"

"వడ్లనుంచి."

"మీది ఏ ఊరు?"

"ఎమ్మిగనూరు."

వరి మడుల నడుమ పుట్టి పెరిగినదాన్ని. ఇక నేను తల పైకెత్తలేదు.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "అసలు మీ లెక్కలో తిండి అంటే ఏంది అప్పా?"

ఆయన చాలా నిజాయితీగా చెప్పాడు. "కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తామే, అది తిండి మేడం. ఉగ్గానికి ఎవురు ప్రార్థన చేస్తారు?"

నిజమే. మా ఇళ్లలో కంచం ముందు ప్రార్థన చేయందే ముద్ద ముట్టం. ఉగ్గానికి మాత్రం పాస్టరుగారు కూడా కళ్లు మూయడం నేను చూడలేదు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వు తగ్గాక మందుచీటీ మీద చెయ్యి పెట్టి అంది:

"అయితే ఈ పొద్దునించి నోట్లోకి యాది పోయినా ప్రార్థన చేసే తినాల. ఇది కూడా మందే."

మా ఆయన దాన్ని మాత్ర వేసుకున్నంత భక్తిగా పాటించాడు. గుప్పెడు శనక్కాయలకు ప్రార్థన. అర జామకాయకు ప్రార్థన. పప్పులో ఉప్పు చూడమంటే గరిటె పట్టుకుని నేను కాచుకోవాలి. రైతులకు, వానలకు, బస్సు డ్రైవర్లకు, కుడతినిలో తీసే కరెంటుకు, అందరికీ మేలు అడిగి గాని ఆమెన్ అనడు. బస్టాపులో ఆయన కళ్లు మూసుకుంటే చాలు, తోటివాళ్లు బజ్జీ లాగేసుకుని తినేవాళ్లట. కళ్లు తెరిచేసరికి ఖాళీ కాగితం. ఆ కోపంతో అక్కడ తినడమే మానేశాడు. పొద్దున ఇంట్లో వేళకు రొట్టె, వేళకు మాత్ర. మాత్రలు వేసుకుంటున్నప్పుడు పస్తు ఉండొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది గనక పూట తప్పనివ్వలేదు. ఏమి తింటున్నాడో మొదటిసారి ఆయనకూ తెలిసింది, నాకూ తెలిసింది.

ఆరు నెలల గడువు రోజు వచ్చింది. ముందురోజంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడు నెలల సగటు షుగరు చూశారు, కళ్లలో మందు వేసి చూశారు, పాదాలు గిల్లి చూశారు. ఫ్యాక్టరీ డాక్టరు తల ఊపి "ఎక్కొచ్చు" అన్నాడు. నేను ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగానే ఎగిరి గంతేశాను. నా వయసుకు తగని పనే. అయినా ఇంకోసారి వేశాను. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, మాత్రలు ఆపొద్దు, మూడు నెలలకు మళ్లీ రండి అంది. జీవితాంతం వస్తాం మేడం అన్నాను.

మళ్లీ క్రేన్ ఎక్కిన మొదటిరోజు సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ అన్నాడు.

"ఇయ్యాల పచ్చ చీర ఆరేసిండావే."

ఆ చీర నేను మధ్యాహ్నమే తీసి మడత పెట్టేశాను. "నువ్వు యాడ సూసినావు?"

"పైనుంచి మన మిద్దె కనపడ్తాది గదా. మనిషి తెలీదు. చీర రంగు తెలుస్తాది. ఎప్పుట్నించో రోజూ సూస్తాండా."

ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పవేమని అడగబోయాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, నెమ్మదిగా అన్నాడు.

"నన్ను కిందికి దింపక ముందు కొన్నాళ్లు కనపడ్లేదు మే. మన మిద్దె యాడ ఉండాదో కూడా తెలీలేదు. భయమేసింది. ఎవురికీ చెప్పలేదు."

మరుసటి రోజు ఉతికిన చీర ఒక్కటే ఉంటే, పెట్టెలోని పెళ్లి చీరతో సహా అన్నీ తీసి మిద్దె మీద ఆరేశాను.